యాంటీబయాటిక్ కోర్సులో పిల్లల పేగులు: ప్రీబయాటిక్‌లు ఎంతవరకు కాపాడతాయి?

క్లుప్తంగా: యాంటీబయాటిక్ వాడే పిల్లలకు విరేచనాలు పట్టకుండా చూడటంలో గట్టి ఆధారం ఉన్నది రెండు రకాల ప్రోబయాటిక్‌లకే. ప్రీబయాటిక్‌లు మంచి బ్యాక్టీరియాను పెంచుతాయని తేలింది గానీ, విరేచనాలను ఆపుతాయని తేలలేదు. అవి పనిచేసే తీరును బట్టి చూస్తే కోర్సు నడిచే రోజుల కన్నా, అది ముగిశాక పేగు కోలుకునే వారాల్లోనే వాటికి పని ఎక్కువ. ఆ పనిని చాలావరకు తల్లిపాలు, ఇంటి తిండి చేయగలవు.

పిల్లలకు యాంటీబయాటిక్ సిరప్ కొనడానికి మందుల షాపుకి వెళ్తే, దానితోపాటు నాలుగు సాచెట్లో చిన్న ప్లాస్టిక్ వయల్సో చేతికి రావడం మామూలైపోయింది. కొన్నిటి మీద ప్రోబయాటిక్ అని, కొన్నిటి మీద ప్రీబయాటిక్ అని, రెండూ కలిస్తే సిన్‌బయాటిక్ అని రాసి ఉంటుంది. డాక్టరు రాసినవి కొన్ని, షాపులో జత చేసినవి కొన్ని. మూడూ ఒకటేనన్నట్టు వాడేయడంతో ఏది దేనికో తల్లిదండ్రులకు తెలియడం లేదు. ప్రోబయాటిక్ అంటే బతికున్న సూక్ష్మజీవి. ప్రీబయాటిక్‌లో ప్రాణమున్నదేదీ ఉండదు. అది మన శరీరం అరిగించుకోలేని, పేగులోని మేలుచేసే బ్యాక్టీరియా మాత్రం తినగలిగే ఒక రకం పిండిపదార్థం. ఒకటి తినే జీవి, రెండోది దాని తిండి. మందు ఆ జీవినే చంపుతున్నప్పుడు తిండి పెట్టి లాభమేమిటన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

మందు పడ్డాక పేగులో జరిగేది

యాంటీబయాటిక్ వాడే పిల్లల్లో 5 నుంచి 30 శాతం మందికి విరేచనాలు పడతాయని అంచనా. ఇంత తేడా ఎందుకంటే మందును బట్టి, వయసును బట్టి, ఎన్నిసార్లు వెళ్తే విరేచనాలుగా లెక్కిస్తారన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. అమాక్సిసిలిన్ ఒక్కటే ఇచ్చినప్పటి కన్నా దానికి జతచేసే క్లావులనేట్ అనే మందు కలిపి ఇచ్చినప్పుడు ఈ బాధ ఎక్కువ.

ఈ విరేచనాలన్నీ ఒకే దారిన రావు. కొన్ని మందులు పేగు కదలికలనే పెంచేస్తాయి. ఎరిత్రోమైసిన్ దీనికి పేరుమోసింది, క్లావులనేట్‌కీ ఆ గుణం ఉంది. ఇక్కడ బ్యాక్టీరియాతో ప్రమేయం లేదు కాబట్టి ప్రీబయాటిక్ ఇచ్చినా చేసేదేమీ లేదు.

రెండో దారి పులియబెట్టే పని ఆగిపోవడం. చిన్నపేగులో అరగకుండా మిగిలిన పిండిపదార్థాలు పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి ఎసిటేట్, ప్రోపియొనేట్, బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. పేగు గోడ వీటిని పీల్చుకునేటప్పుడు వాటితోపాటు ఉప్పు, నీరు కూడా లోపలికి వెళ్తాయి. బ్యాక్టీరియా చచ్చిపోతే ఆ పిండిపదార్థాలు అలాగే ఉండిపోయి నీటిని పట్టి ఉంచుతాయి. మలం నీళ్ళగా రావడానికి ఇదొక ముఖ్య కారణం.

మూడోది ఇంకాస్త లోతైనది. పెద్దపేగు గోడ కణాలకు బ్యూటిరేటే ప్రధాన ఇంధనం. దాన్ని మండించడానికి అవి ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి కాబట్టి పేగు లోపలికి ఆక్సిజన్ దాదాపుగా చేరదు. మేలుచేసే బ్యాక్టీరియాలో చాలావాటికి ఆక్సిజన్ పడదు, అందుకే ఆ వాతావరణం వాటికి అనుకూలం. యాంటీబయాటిక్ తర్వాత బ్యూటిరేట్ తగ్గితే గోడ కణాలు ఆక్సిజన్ వాడకాన్ని తగ్గిస్తాయి, అది లోపలికి చేరుతుంది, ఆక్సిజన్‌తో బలపడే ఇ.కోలై, సాల్మొనెల్లా కుటుంబం పెరగడానికి సందు దొరుకుతుంది. ప్రీబయాటిక్‌ల మీద ఆశ పెట్టుకున్నది ఈ రెండో, మూడో దారుల దగ్గరే. పులియబెట్టే బ్యాక్టీరియా త్వరగా లేస్తే కొవ్వు ఆమ్లాలు తిరిగి తయారవుతాయి, మిగతాది సర్దుకుంటుంది.

క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా గురించీ ఒక మాట. పెద్దవాళ్ళలో యాంటీబయాటిక్ తర్వాత వచ్చే తీవ్రమైన విరేచనాలకు ఇది పేరుపడిన కారణం. ఏడాది లోపు పసిపిల్లల్లో చాలామంది పేగుల్లో ఇది జబ్బేమీ చేయకుండానే ఉంటుంది. ఆ వయసులో పరీక్షలో ఇది కనబడినంత మాత్రాన విరేచనాలకు ఇదే కారణమని అనుకోవడానికి లేదు.

కోలుకోవడానికి పట్టే కాలం

డెన్మార్క్‌లో 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు నాలుగు రోజులపాటు మూడు బలమైన యాంటీబయాటిక్‌లు ఇచ్చి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. నెలన్నరలో పేగు సూక్ష్మజీవుల కూర్పు దాదాపు పూర్వస్థితికి చేరింది. కానీ మందుకు ముందు అందరిలోనూ ఉన్న తొమ్మిది జాతులు ఆరు నెలలైనా కనబడలేదు. ఎదిగిన మనిషి పేగు సంగతి ఇది.

పిల్లల్లో పరిస్థితి వేరు. తిరిగి చేరుకోవడానికి వాళ్ళకు స్థిరమైన పూర్వస్థితి అంటూ ఇంకా ఏర్పడి ఉండదు. దాదాపు మూడేళ్ళ వయసుదాకా పేగు సూక్ష్మజీవుల సమూహం కూడుకుంటూనే ఉంటుంది. ఫిన్లండ్‌లో 2 నుంచి 7 ఏళ్ళ మధ్య ఉన్న 142 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. మాక్రోలైడ్ జాతి మందులు వాడిన పిల్లల్లో బైఫిడోబ్యాక్టీరియా అనే మేలుచేసే బ్యాక్టీరియా ఉండే వర్గం చాలాకాలం తగ్గిపోయి ఉందని, పెన్సిలిన్ జాతి మందుల ప్రభావం అంతకన్నా తక్కువని అందులో తేలింది. అజిత్రోమైసిన్ మాక్రోలైడే. 2019 లెక్కల్లో భారత ప్రైవేటు మార్కెట్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వాడిన యాంటీబయాటిక్ రూపం అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర. పిల్లలకు సిరప్‌గా దీన్ని రాయడమూ సాధారణమే. ఏ సాచెట్ కలపాలన్న దాని కన్నా ఏ యాంటీబయాటిక్ ఎంచుకున్నారన్నదే పేగుకు పెద్ద తేడా చేయవచ్చని ఈ పోలిక సూచిస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కథ చాలామందికి పుట్టిన రోజే మొదలవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశ సగటు 21.5 శాతం. సిజేరియన్‌కు ముందు తల్లికి ఒక డోసు యాంటీబయాటిక్ ఇవ్వడం ప్రామాణిక పద్ధతి, తల్లిని ఇన్‌ఫెక్షన్ నుంచి కాపాడేది అదే. అలా పుట్టిన పిల్లల పేగుల్లో మొదటి నెలల్లో బాక్టీరాయిడిస్ వంటి జాతులు తక్కువగా ఉంటాయి. దీనివల్ల ఫలానా జబ్బు వస్తుందని చెప్పేయడం తొందరపాటు. కానీ పునాది పలచగా పడిన పేగుకు తల్లిపాలు ఎందుకంత అవసరమో దీన్నుంచి అర్థమవుతుంది.

మొదటి ప్రీబయాటిక్ తల్లిపాలే

ప్రీబయాటిక్ అనే భావనను గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రోబర్‌ఫ్రాయిడ్ 1995లో ప్రవేశపెట్టారు. తల్లిపాలు ఆ పని అంతకుముందు నుంచీ చేస్తున్నాయి. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఒలిగోసాకరైడ్‌లు అనే చిన్న గొలుసు చక్కెరలు. వీటిలో 150కి పైగా రకాలను గుర్తించారు. బిడ్డ వీటిని అరిగించుకోలేడు. ఇవి నేరుగా పెద్దపేగుకు వెళ్ళి బైఫిడోబ్యాక్టీరియాకు, ముఖ్యంగా ఇన్‌ఫాంటిస్ అనే ఉపజాతికి ఆహారమవుతాయి. లీటరు పాలలో ఇవి సుమారు 5 నుంచి 15 గ్రాములు, ముర్రుపాలలో ఇంకా ఎక్కువ.

ఒలిగోసాకరైడ్‌లు చేసే మరో పని కూడా ఉంది. కొన్ని రోగకారక క్రిములు పేగు గోడ మీది చక్కెర అణువులను పట్టుకుని అతుక్కుంటాయి. అచ్చం అలాంటి ఆకారంలోనే ఉండే ఒలిగోసాకరైడ్ ఎదురైతే గోడను వదిలి దాన్ని పట్టుకుని మలంతో బయటికి పోతాయి. డబ్బాపాలలో కలిపే జీఓఎస్ (గెలాక్టో ఒలిగోసాకరైడ్), ఎఫ్‌ఓఎస్ (ఫ్రక్టో ఒలిగోసాకరైడ్) చక్కెరలకు ఆకారం సరళం కాబట్టి, ఈ రెండో పనిలో అవి తల్లిపాలకు సాటిరావు. పసిబిడ్డకు యాంటీబయాటిక్ ఇస్తున్నప్పుడు విరేచనాలవుతున్నాయని తల్లిపాలు తగ్గించడం అందుకే ఉన్న రక్షణను తీసేసుకోవడం.

ప్రయోగాల్లో తేలినది

చిలీలో ఏడాది నుంచి రెండేళ్ళ వయసున్న 140 మంది పిల్లల మీద జరిగిన ప్రయోగం 2006లో వచ్చింది. బ్రాంకైటిస్‌కు వారం రోజులు అమాక్సిసిలిన్ వాడాక కొందరికి ప్రీబయాటిక్ కలిపిన పాలు, కొందరికి మామూలు పాలు ఇచ్చారు. ప్రీబయాటిక్ తాగిన పిల్లల్లో బైఫిడోబ్యాక్టీరియా బాగా పెరిగింది. కడుపుకు సంబంధించిన లక్షణాల్లో మాత్రం రెండు గుంపులకూ తేడా లేదు. యూరప్‌లోని పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘం కార్యబృందం ఇన్యులిన్ అనే మొక్కల పీచు, ఎఫ్‌ఓఎస్ కలిపిన మిశ్రమంతో చేసిన ప్రయోగం 2012లో వెలువడింది. అక్కడా విరేచనాల్లో తేడా కనబడలేదు. చేరిన పిల్లలు అనుకున్నదాని కన్నా తక్కువ కాబట్టి, ప్రీబయాటిక్ పనిచేయదని కూడా దీన్నిబట్టి తేల్చేయలేం.

ప్రోబయాటిక్‌ల వైపు లెక్క స్పష్టంగా ఉంది. 33 ప్రయోగాల్లోని 6,352 మంది పిల్లల సమాచారాన్ని కలిపి చూసిన 2019 కోక్రేన్ (వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి విశ్లేషించే సంస్థ) సమీక్షలో, ప్రోబయాటిక్ తీసుకున్నవారిలో 8 శాతం మందికి, తీసుకోనివారిలో 19 శాతం మందికి విరేచనాలు పట్టాయి. అంటే సుమారు తొమ్మిది మందికి ఇస్తే ఒకరికి విరేచనాలు తప్పాయి. యూరప్ సంఘం 2023 పత్రం సిఫార్సు చేసింది రెండిటినే: లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, సాకరోమైసెస్ బౌలార్డీ. అదీ రోజుకు 500 కోట్ల జీవులు లేదా అంతకు మించిన మోతాదులో, యాంటీబయాటిక్‌తోపాటే మొదలుపెట్టాలి. బౌలార్డీ ఈస్ట్ కాబట్టి బ్యాక్టీరియాను చంపే మందు దాన్నేమీ చేయదు. మన మార్కెట్‌లో వయల్స్ రూపంలో విరివిగా అమ్ముడయ్యే బాసిల్లస్ క్లాసీ ఈ రెండు పేర్లలో లేదు.

మరైతే ప్రీబయాటిక్ ఊసు ఎందుకు? 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పెద్దవాళ్ళ మీద చేసిన ప్రయోగం ఒక అనుమానాన్ని లేపింది. యాంటీబయాటిక్ తర్వాత 11 జాతుల ప్రోబయాటిక్ మిశ్రమం తీసుకున్నవారిలో, ఏమీ తీసుకోనివారి కన్నా సొంత సూక్ష్మజీవులు తిరిగి రావడం ఆలస్యమైంది. బయటి నుంచి వచ్చినవి ఖాళీ స్థలాన్ని ఆక్రమించి కదల్లేదన్నమాట. దాంతో ఊరికి కొత్తవాళ్ళను తెచ్చే బదులు, ఊళ్ళో మిగిలినవాళ్ళకు తిండి పెట్టి నిలబెట్టాలన్న ఆలోచనకు బలం వచ్చింది. ఆ మిశ్రమం వేరు, పిల్లలకు సిఫార్సు చేసే రెండు జాతులు వేరు. వాటిని మానేయమనడానికి ఈ ప్రయోగం ఆధారం కాదు.

తినేవి లేకుండా తిండి పెడితే

తిండి ముఖ్యమా, తినే జీవి ముఖ్యమా అన్నదానికి ఢాకాలో జరిగిన ప్రయోగం దగ్గరి జవాబు ఇస్తుంది. తీవ్రమైన పోషకాహార లోపంతో ఆసుపత్రిలో చేరిన 2 నుంచి 6 నెలల పసిపిల్లల్ని, తొలి చికిత్స పూర్తయ్యాక, మూడు గుంపులు చేశారు. ఇలాంటి పిల్లలకు తొలి చికిత్సలో యాంటీబయాటిక్‌లు తప్పనిసరి భాగం. ఒక గుంపుకు బైఫిడోబ్యాక్టీరియం ఇన్‌ఫాంటిస్, ఇంకో గుంపుకు అదే బ్యాక్టీరియాతోపాటు తల్లిపాల ఒలిగోసాకరైడ్ ఒకటి, మూడో గుంపుకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. 2022లో వచ్చిన ఫలితాల్లో బరువు మెరుగ్గా పెరిగింది బ్యాక్టీరియా ఒక్కటే తీసుకున్న పిల్లల్లో. ప్రీబయాటిక్ కలపడం వల్ల అదనపు లాభం కనబడలేదు. ఆ పిల్లల పేగుల్లో ఇన్‌ఫాంటిస్ మొదటినుంచీ బాగా తక్కువ. అక్కడ కొరత తినే జీవిదే.

ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద జరిగి 2017లో వెలువడిన ప్రయోగంలో లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌నూ, 150 మిల్లీగ్రాముల ఎఫ్‌ఓఎస్‌నూ కలిపి ఏడు రోజులు ఇచ్చారు. సెప్సిస్ (ఒళ్ళంతా పాకే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్) లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చిన ఈ ఫలితాన్ని సిన్‌బయాటిక్ సాచెట్లన్నిటికీ పూయడం తేలిక, కానీ సరికాదు. అక్కడ వాడింది ప్రత్యేకంగా ఎంపిక చేసిన ఒక్క బ్యాక్టీరియా, పిల్లలు రోజుల వయసువాళ్ళు, ఉద్దేశం ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడటం. యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలకు దీంతో సంబంధం లేదు.

లేబుల్ మీది అంకెలు

ఎనిమిది వందల మిల్లీలీటర్ల తల్లిపాలు తాగే బిడ్డకు, లీటరుకు 10 గ్రాముల చొప్పున చూసినా, రోజుకు 8 గ్రాముల ఒలిగోసాకరైడ్‌లు అందుతాయి. వంద మిల్లీలీటర్లకు 0.8 గ్రాముల జీఓఎస్–ఎఫ్‌ఓఎస్ కలిపిన డబ్బాపాలు అంతే తాగితే 6.4 గ్రాములు. సిన్‌బయాటిక్ సాచెట్లలో ఎఫ్‌ఓఎస్ తరచుగా మిల్లీగ్రాముల్లో ఉంటుంది. వంద మిల్లీగ్రాములంటే గ్రాములో పదోవంతు. పెద్దపేగు నిండా ఉన్న సమూహాన్ని మార్చడానికి అది చాలదు. వేసిన కాసిని బ్యాక్టీరియాకు దారిబత్తెంగా పనికొస్తే పనికొస్తుంది.

ప్రోబయాటిక్ సంఖ్యలోనూ ఇంతే. ఆహారంగా అమ్మే ప్రోబయాటిక్‌కు భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అడిగేది రోజు మోతాదులో కనీసం 10 కోట్ల జీవులు. విరేచనాల నివారణకు సిఫార్సు చేసినది 500 కోట్లు. నిబంధన పాటించిన ఉత్పత్తి కూడా ఈ పనికి చాలకపోవచ్చు. అందుకే లేబుల్ మీద జాతి పేరు, సంఖ్య, ప్రీబయాటిక్ బరువు మూడూ చూడాలి.

వంటింట్లో ఉన్నవి

ఆరు నెలలు దాటి అన్నప్రాశన అయిన పిల్లలకు ప్రీబయాటిక్‌లు డబ్బాల్లోనే దొరకాలనేం లేదు. ఉల్లి, వెల్లుల్లిలో ఫ్రక్టాన్‌లు అనే అరగని పిండిపదార్థాలు ఉంటాయి. కందిపప్పు, పెసరపప్పు, శనగల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే అరగని చక్కెరలు ఉంటాయి. పప్పు తింటే గ్యాస్ అనే ఫిర్యాదుకు మూలం వీటిని పేగు బ్యాక్టీరియా పులియబెట్టడమే. రాగి జావలో పీచు ఉంది. గోరుచిక్కుడు గింజల జిగురును పాక్షికంగా విడగొట్టి తయారుచేసే పీచును విదేశాల్లో ప్రీబయాటిక్‌గా అమ్ముతున్నారు.

అరటికాయ సంగతి కొంచెం విడిగా చెప్పుకోవాలి. పండని కాయలోని పిండి చిన్నపేగులో సరిగా అరగదు, పెద్దపేగుకు చేరి కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. బంగ్లాదేశ్‌లో విరేచనాలు ఎన్నాళ్ళకూ తగ్గని పసిపిల్లలకు ఉడికించిన అరటికాయ పెట్టి చూసిన ప్రయోగం 2001లో వచ్చింది, విరేచనాలు త్వరగా తగ్గాయి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు ఇదే సూత్రంతో, అరగని మొక్కజొన్న పిండిని ఓఆర్‌ఎస్‌లో కలిపి కలరా రోగుల్లో నీటి నష్టం తగ్గుతుందని 2000లో చూపించారు. ఆ తర్వాత పిల్లల్లోనూ పరీక్షించారు. ఇవి యాంటీబయాటిక్ విరేచనాల మీద జరిగినవి కావు, కానీ రెండిటా పనిచేసే సూత్రం పులియబెట్టడమే. కొవ్వు ఆమ్లాలు ఉప్పునూ నీటినీ వెనక్కి లాగడాన్ని ఇంత నేరుగా చూపిన ప్రయోగాలు తక్కువ.

వండి చల్లార్చిన అన్నంలోనూ అరగని పిండి కొంత పెరుగుతుంది. అలాగని విరేచనాలతో ఉన్న పసివాడికి ఎండాకాలంలో రాత్రంతా బయట ఉన్న చద్దన్నం పెట్టడం తెలివైన పని కాదు. బాసిల్లస్ సీరియస్ లాంటి క్రిములకు అది అనువైన చోటు. పెరుగు మంచి ఆహారమే, పాల కన్నా లాక్టోజ్ తక్కువ కాబట్టి విరేచనాలప్పుడు తేలిగ్గా అరుగుతుంది. ఇంటి తోడులో ఏ జాతి ఎంత ఉందో లెక్క ఉండదు కాబట్టి దాన్ని మందు మోతాదుగా చూడలేం. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి మందులు పాలు, పెరుగులోని కాల్షియంతో కలిస్తే ఒంటికి పట్టడం తగ్గుతుంది, వాటికి వ్యవధి ఇవ్వాలి. అమాక్సిసిలిన్‌కు ఆ ఇబ్బంది లేదు. ఏడాది లోపు పిల్లలకు మందును తేనెలో రంగరించి నాకించడం మాత్రం బొటులిజం (కండరాలు చచ్చుబడే విషప్రభావం) ప్రమాదం వల్ల పూర్తిగా మానేయాల్సిన అలవాటు.

ఎప్పుడు ఎంత

ఇన్యులిన్, ఎఫ్‌ఓఎస్ మోతాదు మించితే గ్యాస్, కడుపు ఉబ్బరం, చివరికి విరేచనాలే వస్తాయి. మలబద్ధకానికి ఇచ్చే లాక్టులోజ్ సిరప్ కూడా కొద్ది మోతాదులో ప్రీబయాటిక్కే. ఎక్కువైతే అదే సుఖవిరేచనకారి. యాంటీబయాటిక్ దెబ్బకు పులియబెట్టే బ్యాక్టీరియా తగ్గి ఉన్న రోజుల్లో ఈ హద్దు ఇంకా కిందికి దిగుతుందని అనుకోవచ్చు, ఎందుకంటే వాడుకునేవి లేని చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది. కాబట్టి కోర్సు నడుస్తుండగా ప్రీబయాటిక్ పొడులు కొత్తగా మొదలుపెట్టడం కన్నా మామూలు తిండి కొనసాగించడమే మేలు. కోర్సు ముగిశాక పప్పు, కూరగాయలు, పండ్లు మెల్లగా పెంచుకుంటూ పోవచ్చు.

నెలలు నిండని పిల్లలకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకు, గుండెకు చేరే పెద్ద రక్తనాళంలో గొట్టం అమర్చిన పిల్లలకు ప్రోబయాటిక్‌లు సొంతంగా ఇవ్వకూడదు. నెలలు నిండని ఒక శిశువు మరణం తర్వాత అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2023లో ఈ విషయమై హెచ్చరిక జారీ చేసింది. ప్రీబయాటిక్‌లో బతికున్న జీవి లేదు కాబట్టి రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకే ఆ ప్రమాదం దానికి లేదు. ఇది దానికున్న నిజమైన అనుకూలత.

విరేచనాలు మొదలైతే యాంటీబయాటిక్‌ను సొంతంగా ఆపేయకూడదు, మందు మార్చాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి. ఈలోగా చేయాల్సింది ఓఆర్‌ఎస్ తాగించడం, తల్లిపాలు, తిండి కొనసాగించడం. మలంలో రక్తం కనబడినా, కళ్ళు లోపలికి పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, తాగింది తాగినట్టు కక్కుతున్నా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. విరేచనాలు కోర్సు మధ్యలోనే కాకుండా మందు ఆపిన కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు. అందుకే డాక్టరుకు చూపించేటప్పుడు గత రెండు నెలల్లో వాడిన యాంటీబయాటిక్‌ల చీటీలు వెంట ఉంచుకోవాలి.